కొత్తగా నేర్చుకునే పాపకు ఏ కీబోర్డు కొనాలి?

మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాం, పదేళ్ల పాప బతుకమ్మ పాటలు, భజనలు వాయించాలంటోంది, చిన్న కీబోర్డు చాలా లేక డిజిటల్ పియానోనే కొనాలా అని అడిగారు. రెండూ వద్దండి. టచ్ రెస్పాన్స్ ఉన్న 61 కీల పోర్టబుల్ కీబోర్డు తీసుకోండి.

టచ్ రెస్పాన్స్ ఉంటే మెల్లగా నొక్కినప్పుడు మెల్లగా, గట్టిగా నొక్కినప్పుడు గట్టిగా పలుకుతుంది. అది లేకుంటే ఎంత సాధన చేసినా పాటలో భావం పలకదు. అందుకే ధర కన్నా ముందు ఇదే చూడమంటాను. యమహా పీఎస్‌ఆర్-ఎఫ్52లో ఇది లేదు. క్యాసియో సీటీ-ఎస్300లో ఉంది, స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రమూ ఉంది, గమకాలకు కొంత పనికొస్తుంది. 6 పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా, గుడిలో భజనకు తీసుకెళ్లినా ఇబ్బంది ఉండదు.

మినీ కీలున్నవి బొమ్మలుగానే బాగుంటాయి. ఆ ఇరుకుకు అలవాటుపడిన వేళ్లు మామూలు కీల మీద తడబడతాయి. ఇక 88 బరువైన కీల డిజిటల్ పియానో, పాప పాశ్చాత్య పియానోనే నేర్చుకుంటానంటే అప్పుడు చూద్దాం.

ట్రాన్స్‌పోజ్ బటన్ ఎలాగూ ఉంటుంది, పాప గొంతుకు సరిపడే శ్రుతికి మార్చిపెట్టండి. స్టాండు కూడా అప్పుడే కొనండి. మంచం మీద పెట్టి వాయిస్తే మణికట్టు వంగిపోతుంది.