సీఓటూ ట్యూబు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రెండు లీటర్ల బాటిల్లో చక్కెర, ఈస్ట్ కలిపి అక్వేరియం మొక్కలకు సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు, పెట్టబోతున్నానని రాశావు. చాలా సంతోషం. చక్కెర కొలతల గురించి అన్ని ప్రశ్నలు అడిగి, ట్యూబు మాత్రం షాపులో ఏది ఇస్తే అది తెస్తానన్నావు. అలా తేవద్దు నాన్నా, అసలు సంగతి అక్కడే ఉంది.

ఎయిర్ పంపులకని అమ్మే మెత్తటి ట్యూబుల్లో సిలికాన్‌వి ఉంటాయి. చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది. కాస్త పాలరంగులో ఉంటుంది, నొక్కితే అణిగి వెంటనే లేస్తుంది. గాలికి అది బాగానే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం దాని గోడలోంచే బయటికి పోతుంది. చిల్లేమీ ఉండదు కాబట్టి సబ్బునీళ్లు రాసినా బుడగ కనబడదు. ఈస్ట్ ఇచ్చే గ్యాసే కొంచెం. అందులో కొంత దారిలోనే పోతే మొక్కకు ఏం మిగులుతుంది?

పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) ట్యూబు తీసుకో. బయట 6, లోపల 4 మిల్లీమీటర్లు ఉండాలి. కంప్రెసర్ గాలి లైన్లకు వాడేదే ఇది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో న్యుమాటిక్ ఫిట్టింగులు, అంటే గాలి లైన్ల సామాను, అమ్మేవాళ్లని అడుగు. చుట్టలోంచి కోసిన ముక్క వంకర తిరిగి ఉంటే వేడినీళ్లలో ముంచి సాగదీయి. పీయూ దొరక్కపోతే మామూలు పీవీసీ కూడా సిలికాన్ కన్నా ఎంతో నయం. కాకపోతే రానురాను గట్టిపడి జాయింట్ల దగ్గర పట్టు వదులుతుంది, అప్పుడు మార్చేయాలి.

సెలైన్ సెట్ వాడొచ్చా అన్నావు. చుక్కలు పడే గది బుడగలు లెక్కపెట్టుకోవడానికి బాగుంటుంది, కానీ కొన్ని సెట్లలో గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుంది, గ్యాసు అటే పోతుంది. ఇంకో మాట, దాని ట్యూబును నొక్కే చక్రాన్ని ఎప్పుడూ పూర్తిగా బిగించకు. ఈస్ట్‌కు స్విచ్ లేదు. దారి మూస్తే ఒత్తిడి పెరిగి బాటిలే పేలొచ్చు.

ఇక బాటిల్ మూతలోకి ట్యూబు దూరే చోట జాయింటు. ట్యూబు కన్నా అర మిల్లీమీటరు చిన్న డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయి. ట్యూబు కొసను ఏటవాలుగా, పొడుగ్గా కోయి. మూతను వేడినీళ్లలో ఉంచి, మెత్తబడగానే ఆ కొసను రంధ్రంలో దూర్చి, అవతలి వైపు నుంచి కటింగ్ ప్లేయర్‌తో లాగు. బిర్రుగా రావాలి. సులువుగా జారి వచ్చిందంటే ఆ మూత పారేసి ఇంకోటి తీసుకో. జిగురును నమ్ముకోకు, ఆ మూతల ప్లాస్టిక్‌కు సరిగా అంటదు. పని అయ్యాక సబ్బునీళ్లు రాసి చూడు. ఇక్కడ లీకైతే బుడగ కనబడుతుంది.

గ్యాసును సన్నటి బుడగలుగా నీళ్లలోకి వదిలే గాజు డిఫ్యూజర్ మెడకు పీయూ ట్యూబును నేరుగా తొడిగితే గాజు విరుగుతుంది. అక్కడ మాత్రం అంగుళం సిలికాన్ ముక్క వేసి, లోపల పీయూ కొస గాజును తాకేలా జరుపు. అంత చిన్న ముక్కతో పోయే గ్యాసు లెక్కలోకి రాదు.

ట్యాంకుకు దగ్గరగా, నీటిమట్టానికి పైన చెక్ వాల్వ్ (ఒకవైపే పోనిచ్చేది) పెట్టడం మర్చిపోకు. బాటిల్ చల్లబడితే ట్యాంకు నీళ్లు వెనక్కి లాగుతుంది. రాత్రిళ్లు ఎయిర్ పంపు వేసి ఉంచు. చీకట్లో మొక్కలు గ్యాసు తీసుకోవు, చేపలు పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే సీఓటూ ఎక్కువైందని అర్థం. వెంటనే ట్యూబు నీళ్లలోంచి తీసేయి.

ట్యూబు కొన్నాక ఫోన్ చేయి. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య