మీ ఊళ్ళో ఎంఓటీ సెంటర్ ఎంచుకునే ముందు: పెద్దమ్మ ఉత్తరం

కోవెంట్రీ

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా చెవిలోనే ఉంది. "ఎంఓటీ నియర్ మీ అని కొడితే నలభై గ్యారేజీలు వచ్చాయి పెద్దమ్మా, ఎక్కడైనా ఒకటే టెస్టు కదా, అన్నిటికన్నా తక్కువ రేటున్నది బుక్ చేసేస్తా" అన్నావు. అప్పుడు వంటలో ఉండి సరేలే అన్నాను. కారు రోడ్డు మీద తిరగడానికి తగినట్టుందో లేదో ఇక్కడ బ్రిటన్‌లో చూసే ఈ ఎంఓటీ టెస్టు ఎక్కడైనా ఒకటే, ఆ మాట నిజం. చేసే చోటు మాత్రం ఒకటి కాదు నాన్నా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఏదీ బుక్ చేయకముందే ఇది పూర్తిగా చదువు.

ఇండియాలో మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్ళ దాకా ఫిట్‌నెస్ అడిగేవాళ్ళుండరు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గొడవంతా లారీలకీ ఆటోలకీ టాక్సీలకే. మీ తాతయ్యకు లారీ ఉన్న రోజుల్లో ఎఫ్‌సీ దగ్గరపడుతోందంటే ఇంట్లో పండగ ముందు సున్నాలు వేసినంత హడావుడి. బండికి రంగు, లైట్లు, కొత్త టైర్లు, అన్నీ ఆ వారంలోనే. ఇక్కడ కారు కొత్తగా రిజిస్టరై మూడేళ్ళు నిండితే చాలు, అప్పట్నుంచి ప్రతి ఏడూ ఎంఓటీ చేయించాల్సిందే. నీది ఎనిమిదేళ్ళ కారు. కాబట్టి నీకిది ఏటా తప్పని పని. ఒకసారి మంచి చోటు చూసుకున్నావంటే ఆ కారున్నన్నాళ్ళూ టెన్షన్ ఉండదు. (బెల్‌ఫాస్ట్‌లో ఉన్న మీ ఫ్రెండ్ చెప్పేవి నీకు పనికిరావు. నార్తర్న్ ఐర్లాండ్‌లో ప్రభుత్వం వాళ్ళ సెంటర్లలోనే టెస్టు, మొదటిది నాలుగేళ్ళకు. ఇక్కడి పద్ధతి వేరు.)

ముందు నా సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందటి మాట. మొదటి కారుకు మొదటి ఎంఓటీ. మీ పెదనాన్న ఆఫీసు పని మీద ఊరెళ్ళారు. ఇంటికి దగ్గర్లో ఉందని ఒక గ్యారేజీలో పెట్టాను. రిసెప్షన్‌లో మీ అక్కను తోపుడు బండిలో ఊపుతూ గంటన్నర కూర్చున్నాను. చివరికి ఒకతను నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఫెయిల్ అయింది, ఇవన్నీ చేయాలి" అంటూ ఓ కాగితం ముందు పెట్టాడు. తొమ్మిది వరుసలు. మొత్తం 640 పౌండ్లు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లకు పాల టైమైంది, బయట వాన. "ఇలా నడిపితే ప్రమాదం, మీ ఇష్టం" అన్నాడు. పిల్లను చూపించి ఆ మాటంటే ఏ తల్లి కాదంటుంది? సంతకం పెట్టేశాను.

వారం తర్వాత పక్కింటి పంజాబీ ఆయన, సిటీ బస్సుల డిపోలో మెకానిక్‌గా చేసేవాడు, ఆ కాగితం చూశాడు. పైన రెండు వరుసల మీద గోటితో గీత గీశాడు. వెనక బ్రేక్ లైటు బల్బు ఒకటి, అరిగిన టైరు ఒకటి. "నీ కారు ఫెయిలయింది ఈ రెండింటికే. కింద ఉన్న ఏడూ అడ్వైజరీలు, అంటే ముందుముందు చూసుకోమని చెప్పడం. అవి చేయించకపోయినా పాసయ్యేది" అన్నాడు. ఆ 640 కోసం నేను బాధపడలేదు, అడగడం తెలియక పోగొట్టుకున్నానే అని ఇప్పటికీ ఉంది. నీకు ఆ గతి పట్టకూడదు.

దాన్నుంచి నేను పట్టుకున్నది ఒక్కటే. నీ బండి ఫెయిలైతే తనకు డబ్బులొచ్చే చోటు ఒకటి, పాసైనా ఫెయిలైనా తనకు ఒకటే అయిన చోటు ఇంకొకటి. వెతికేటప్పుడు ఆ రెండో రకాన్ని వెతుకు.

అలాంటిది ఎక్కడుంటుందంటే, కౌన్సిల్ దగ్గర, అంటే మన మున్సిపాలిటీ లాంటిది. చాలా ఊళ్ళలో కౌన్సిల్ వాళ్ళకు సొంత ఎంఓటీ సెంటర్ ఉంటుంది. వాళ్ళ చెత్త లారీలూ వ్యాన్లూ, ఊళ్ళోని టాక్సీలూ పరీక్ష చేసుకోవడానికి పెట్టుకున్నది. అందులోనే మనలాంటి వాళ్ళ కార్లూ చూస్తారు. ఈ సంగతి ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకే చాలామందికి తెలియదు. వాళ్ళు మామూలుగా రిపేర్లు చేయరు, టెస్టు మాత్రమే చేస్తారు. బ్రేక్ ప్యాడ్లు మార్చి డబ్బు చేసుకునే అవసరం లేనివాడికి నీ ప్యాడ్లు అరిగాయని అబద్ధం చెప్పే అవసరమూ లేదు. అలాగని జాలిపడి వదిలేస్తారనుకోకు, గట్టిగానే చూస్తారు. మనకు కావలసింది కూడా అదే. "కౌన్సిల్ ఎంఓటీ" అని మీ ఊరి పేరు కలిపి వెతుకు. లేకపోతే కౌన్సిల్‌కే ఫోన్ చేసి, సెంటర్ ఉందా, బయటివాళ్ళ కార్లు తీసుకుంటారా అని అడుగు. మీ ఊళ్ళో లేకపోతే పక్క ఊళ్ళో చూడు, కానీ మరీ దూరం వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

అది దొరకనప్పుడే గ్యారేజీ. టెస్టు చేసే అనుమతి ఉన్న చోట నీలం బోర్డు మీద మూడు తెల్ల త్రిభుజాలు ఉంటాయి. అది లేని చోట కారు ఆపను కూడా ఆపకు. ఫీజుకు ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి కారుకు 54.85 పౌండ్లు. అంతకు మించి అడగడానికి లేదు, దాని మీద వ్యాట్ కూడా ఉండదు. చాలాచోట్ల ఇంతకన్నా తక్కువకే చేస్తారు. కానీ మరీ సగానికి సగం తగ్గించి పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టినవాడి దగ్గర నాకు అనుమానమే. గంటసేపు పట్టే పనిని అంత చవగ్గా చేస్తున్నాడంటే ఆ తేడా ఇంకెక్కడో రాబట్టుకోవాలి కదా. అందరూ అలాంటివాళ్ళే అనను. ఇరవై పౌండ్లు మిగుల్తాయని మాత్రం వెళ్ళకు.

ఫోన్ చేసినప్పుడు మూడు మాటలు అడుగు. టెస్టు జరుగుతుంటే చూడొచ్చా? ఫెయిలైతే రీటెస్ట్‌కు ఎంత? రిపేరు వేరేచోట చేయించుకుని తెచ్చుకోవచ్చా? చూడటానికి ప్రతి సెంటర్‌లోనూ ఒక చోటు కేటాయించి ఉంటుంది. టెస్టర్‌కు అడ్డం వెళ్ళకుండా అక్కడ నిలబడి చూడటం నీ హక్కు. ఈ మూడింటికీ విసుక్కోకుండా జవాబిచ్చినవాడే మనవాడు. మాట దాటేస్తే థాంక్స్ చెప్పి పెట్టెయ్.

ఇంకో చిట్కా. బుక్ చేసేముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నీ కారు నంబర్ కొట్టి ఎంఓటీ హిస్టరీ చూడు, డబ్బు కట్టక్కర్లేదు. ఏ ఏడు పాసైంది, ఏ ఏడు ఎందుకు ఫెయిలైంది, అప్పుడు ఎన్ని మైళ్ళు తిరిగింది, అన్నీ ఉంటాయి. లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ కాగితం) మీదున్న 11 అంకెల నంబర్ కూడా ఇస్తే ఆ టెస్టులు ఏ సెంటర్‌లో జరిగాయో కూడా చూపిస్తుంది. నీకు కారు అమ్మినాయన ప్రతి ఏడూ ఒకే చోట పెట్టి ఉంటే ఆ చోటేమిటో కనుక్కో. ఇంతకన్నా ముఖ్యం, పోయినేడు రాసిన అడ్వైజరీలు చదువు. "ముందు టైరు అంచున అరుగుతోంది" అని పోయినేడు రాశారంటే ఈ ఏడు ఆ టైరే నిన్ను ఫెయిల్ చేస్తుంది. ముందే మార్పించుకో. అక్కడే రిమైండర్ కూడా పెట్టుకో, గడువుకు నెల ముందు మెసేజ్ వస్తుంది.

ఇక తారీకు. నీ గడువు నవంబర్ 27 అన్నావు. నెలకు ఒక రోజు తక్కువగా ముందు చేయించినా పాత తారీకే నిలుస్తుంది. అంటే అక్టోబర్ 28 నుంచి ఎప్పుడు చేయించినా వచ్చే ఏడు గడువు మళ్ళీ నవంబర్ 27నే. అంతకు ముందే చేయిస్తే మిగిలిన రోజులు పోతాయి. నువ్వు ఆ మొదటి వారానికే బుక్ చెయ్. చివరి రోజు దాకా ఆగావంటే ఫెయిలైన బండితో, అయిపోయిన గడువుతో గ్యారేజీవాడి ముందు నిలబడతావు. అప్పుడు వాడు చెప్పిందే రేటు. నేను నిలబడ్డది అక్కడే.

పొరపాటున గడువు దాటితే ఆ కారు రోడ్డెక్కకూడదు. ముందే బుక్ చేసుకున్న టెస్టుకు గానీ, రిపేరుకు గానీ తీసుకెళ్ళడానికే మినహాయింపు. ఫైన్ 1000 పౌండ్ల దాకా వేస్తారు. రోడ్ల మీద కెమెరాలు నంబర్ ప్లేటు చదివేస్తాయి. ఎంఓటీ లేకపోతే రోడ్ ట్యాక్సు కూడా కట్టించుకోరు.

ఫెయిలైతే ఏం చేయాలో బాగా గుర్తుపెట్టుకో. 2018 మే నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీసి రాస్తున్నారు, అడ్వైజరీ ఎలాగూ ఉంది. మొదటి రెండే ఫెయిల్. మైనర్, అడ్వైజరీ ఎన్ని ఉన్నా పాసే. కాగితం చేతికి రాగానే పెన్నుతో ఆ రెండింటి కింద గీత గీసి, మిగతావి ఆ రోజుకు పక్కన పెట్టు. డేంజరస్ ఏమీ లేక, పాత గడువు ఇంకా ఉంటే, కారు నడపడానికి తగినట్టుంటే, నువ్వే నడుపుకుంటూ బయటికి రావచ్చు. డేంజరస్ అని రాస్తే మాత్రం అక్కడినుంచి ఒక్క అడుగు నడపొద్దు. దానికి 2500 పౌండ్ల దాకా ఫైన్, లైసెన్సు మీద మూడు పెనాల్టీ పాయింట్లు. ఫైన్ సంగతి అలా ఉంచు, ఆ మాట రాశారంటే బ్రేకో స్టీరింగో చేతులెత్తేసేలా ఉందనే అర్థం. లారీ బ్రేకు పడక మీ తాతయ్య ఒకసారి ఎలా బయటపడ్డారో అమ్మనడుగు, చెబుతుంది.

రిపేరు నీకు నమ్మకమున్న చోట చేయించుకుని, 10 పని దినాల్లోపు అదే సెంటర్‌కు తెస్తే ఫెయిలైనవి మాత్రమే మళ్ళీ చూస్తారు. కొంత ఫీజు అడగొచ్చు, మొత్తం టెస్టుకు కట్టక్కర్లేదు. బల్బు, వైపర్ లాంటి చిన్నవాటికి మర్నాడు పనిదినం ముగిసేలోపు తెస్తే అదీ ఉండదు. సెంటర్ మరీ దూరం వద్దన్నది ఇందుకే, ఒకటికి రెండుసార్లు తిరగాల్సి రావచ్చు. అన్యాయంగా ఫెయిల్ చేశారని గట్టిగా అనిపిస్తే ఈ టెస్టుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ డీవీఎస్ఏకి అప్పీలు పెట్టొచ్చు. వీటీ17 అనే ఫారం, 14 పని దినాల్లోపు. ఆ లోగా కారుకు రిపేరు చేయించకూడదు, చేయిస్తే వాళ్ళు చూడటానికి ఏమీ మిగలదు.

తీసుకెళ్ళేముందు చూసుకోవాల్సినవి ఇంట్లోనే పది నిమిషాల్లో అవుతాయి. 20 పెన్నీల నాణెం తీసుకుని టైరు గాడిలో నిలువుగా పెట్టు. నాణెం అంచు చుట్టూ పట్టీలా ఉంటుంది చూడు, అది గాడిలో మునిగిపోతే ఫర్వాలేదు. పట్టీ కనబడిందంటే గాడి 1.6 మిల్లీమీటర్ల పరిమితికి దగ్గరపడింది. ఒకచోట పెట్టి వదిలేయకు, టైరు చుట్టూ, లోపలి అంచున కూడా పెట్టు. నా టైరు బయటికి కొత్తదిలా ఉండి లోపలి అంచు అరిగిపోయింది ఒకసారి. మోకాళ్ళ మీద కూర్చుని చక్రం వెనక్కి చెయ్యి పోనిస్తే గానీ తెలియలేదు. కారు ముందు అద్దం మీద రాయి తగిలిన మచ్చ ఉందన్నావు. స్టీరింగుకు ఎదురుగా, నీ చూపు పడే చోట అయితే 10 మిల్లీమీటర్లు దాటకూడదు. వైపర్ తిరిగే మిగతా చోట 40 దాకా ఫర్వాలేదు. స్కేలు పెట్టి కొలువు. డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతూ ఉంటే దానికే ఫెయిల్. వైపర్ నీళ్ళు నింపు, హారన్ కొట్టి చూడు, నంబర్ ప్లేటు కడుగు. డిక్కీలో ఉన్న బియ్యం మూటలూ క్రికెట్ కిట్టూ ఇంట్లో పెట్టు.

అద్దానికి వేలాడదీసిన ఆంజనేయస్వామిని ఆ ఒక్కరోజుకని కాదు, ఎప్పటికీ తీసి డాష్‌బోర్డు మీద పక్కకు పెట్టుకో. చూపుకు అడ్డంగా ఏమీ వేలాడకూడదు. స్వామి ఎక్కడున్నా చూస్తాడు, రోడ్డు చూడాల్సింది నువ్వు.

పాసైన కాగితం చూసి కారు అంతా బాగుందనుకోకు. ఇంజను, క్లచ్, గేర్‌బాక్స్ ఎంఓటీలో చూడరు. సర్వీసింగ్ వేరే చేయించాలి.

ఈ ఆదివారం కారు తీసుకుని ఇక్కడికి రా, ఎలాగూ గంట దారి లేదు. బ్రేక్ లైట్లు ఒక్కడివే చూసుకోలేవు. నువ్వు లోపల కూర్చుని బ్రేకు తొక్కు, నేను వెనక నిలబడి చూస్తాను. గుత్తి వంకాయ చేస్తాను. నాణెం నా పర్సులో ఉంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ