విమానాల చప్పుడు పోయింది, పార్కు వచ్చింది

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం టోక్యో పక్కన తాచికావాలో. అక్కడి పెద్ద పార్కు ఒకప్పుడు అమెరికా ఎయిర్ బేస్ అట, నిజమేనా? మీరు అక్కడే ఉండేవారు కదా!

జవాబు: నిజమేనండీ. యుద్ధం అయ్యాక 1945లో అక్కడున్న జపాన్ సైనిక విమానాశ్రయాన్ని అమెరికా సైన్యం తీసుకుంది. 1977లో పూర్తిగా తిరిగిచ్చింది. 1983లో అందులో కొంత భాగం షోవా కినెన్ పార్కు అయింది. మిగతాది జపాన్ సైన్యానికీ, ప్రభుత్వ ఆఫీసులకూ పోయింది.

మా పక్కింటి బామ్మగారిది రన్‌వే దగ్గరి సునాగావా. విమానం వస్తే టీచరు పాఠం ఆపేసేవారట, పిల్లలకు అదే పండగ! ఆ మాట నవ్వుతూ చెప్పేవారు. పొలాల సంగతి వస్తే మాత్రం గొంతు మారిపోయేది. 1955లో రన్‌వే పొడిగించాలని సర్వేవాళ్లు వస్తే రైతులు అడ్డుపడ్డారు. మరుసటి ఏడాది పోలీసుల లాఠీలకు చాలామంది గాయపడ్డారు. బామ్మగారి నాన్న తల పగిలిందట. ఈ గొడవ మీద నడిచిన కేసులో 1959 మార్చిలో టోక్యో జిల్లా కోర్టు అసలు అమెరికా సైన్యం ఇక్కడ ఉండటమే రాజ్యాంగ విరుద్ధం అంది. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అయినా రైతులు కదల్లేదు, చివరికి 1968లో అమెరికావాళ్లే పొడిగింపు మానుకున్నారు. కోర్టులో ఓడిన పక్షం నేల మీద గెలవడం అరుదు, నాకీ కథలో నచ్చేది అదే.

మీరు వెళ్తే పార్కుతో సరిపెట్టకండి. మోనోరైలెక్కి సునాగావా నానబాన్‌లో దిగి ఆ వీధుల్లో కాసేపు నడవండి.