రెసిడెంట్ కళాకారులతో ఎలాంటి ప్రాజెక్టులు చేయించాలి?

మిర్యాలగూడలో పాత రైస్ మిల్లును కళాకేంద్రంగా మారుస్తున్నామని, చిత్రకారులు, నాటకం వాళ్లు, సైన్స్ టీచర్లు అందరూ అందులో పనిచేసేలా మొదటి విడత రెసిడెంట్లకు, అంటే కొన్నాళ్లు అక్కడే ఉండి పనిచేసేవాళ్లకు, ఏం అప్పగించాలని అడిగారు. నల్లగొండ వైపు ఇలాంటి చోటే కొన్నేళ్లు ప్రాజెక్టుల బాధ్యత చూశాను. నా మాట ఒక్కటే: టాపిక్ ఇవ్వకండి. వేర్వేరు విద్యలు తెలిసిన ఇద్దరిని జత చేసి, ఊళ్లో జనం ఇప్పటికే అడుగుతున్న ప్రశ్నను వాళ్ల ముందు పెట్టండి.

మా దగ్గర అన్నిటికన్నా బాగా కుదిరింది మర్రిగూడ వైపు చేసిన నీళ్ల పని. ఎముకలనూ పళ్లనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ ఆ ఊళ్లను ఎంత పీడించిందో మీకు చెప్పక్కర్లేదు. నల్లా నీళ్లు వచ్చాక కూడా, పాత బోర్ల నీళ్లు ఎట్లా ఉన్నాయని అడిగేవాళ్లు ఉన్నారు. ఒక చిత్రకారిణిని, ఒక కెమిస్ట్రీ టీచర్‌ను జత చేశాం. ఫ్లోరైడ్ పరీక్షకు వాడే జిర్కోనియం జైలినాల్ ఆరెంజ్ మందు గులాబీ రంగులో ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ పసుపులోకి తిరుగుతుంది. బడి పిల్లలు బోరు బోరుకూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చారు. ఏ నీటికి ఏ రంగు వస్తే, గోడ మీది ఊరి పటంలో ఆ బోరు ఉన్నచోట అదే రంగు వేశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు కాబట్టి, ఏ రంగు నుంచి జాగ్రత్తపడాలో పక్కనే రాశారు.

ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "మా బోరు పసుపచ్చగుంది, పక్కనున్న మా తమ్ముని బోరు గులాబిగుంది. గట్లెట్లయితది సారూ?" అన్నాడు. ఈ నేలలోని గ్రానైట్ రాయి నుంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుందని, రాయిని బట్టి, లోతును బట్టి మారుతుందని టీచర్ అక్కడే వివరించాడు. పటిక, సున్నంతో నీళ్లను శుద్ధిచేసే నీరీ (నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ల పద్ధతికి మన నల్లగొండ జిల్లా పేరే ఉందని ఆ రోజు చాలామంది మొదటిసారి విన్నారు. బొమ్మ లేకపోతే ఆ మాటలు వినడానికి అంతమంది నిలబడేవాళ్లు కాదని నా నమ్మకం.

నేత పని పెట్టుకుంటే ఇంకో సంగతి. పుట్టపాకలో సౌండ్ రికార్డు చేసే కుర్రాడు ఒక అక్క ఆసు పోస్తుంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతుంటే, పక్కన కూర్చున్నాడు. చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో తన అమ్మ పడే భుజాల నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. మా కుర్రాడు చేతి ఆసు, యంత్రం, రెండింటి చప్పుడూ పక్కపక్కన వినిపించాడు. విన్న ఆడవాళ్లు భుజాలు పట్టుకుని తమ అమ్మల మాటలు చెప్పుకున్నారు.

కానీ ఆ అక్క రోజంతా అతనికి చూపిస్తూ కూర్చుంటే చీర పని ఆగిపోతుంది. ఆ రోజు కూలి బడ్జెట్‌లో ముందే రాసుకోండి. రెసిడెంటుకు స్టైపెండ్ ఇచ్చి, నేర్పినవాళ్లకు శాలువా కప్పి పంపడం అన్యాయం.

ప్రదర్శన మాత్రం వానాకాలం వరి కోతలు, మిల్లుల ముందు లారీలు బారులు తీరే రోజుల్లో పెట్టకండి. సంక్రాంతి సెలవుల్లో పెడితే పిల్లలూ వస్తారు, హైదరాబాద్ నుంచి ఊరికి వచ్చినవాళ్లూ వస్తారు.