టీచరమ్మ జవాబులు: ‘అందరితో మాట్లాడే దేవుడు నాతో ఎందుకు మాట్లాడడు?’

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది పాలకొల్లు దగ్గర ఊరు. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మా ఆయనా నేనూ టిఫిన్ సెంటర్ నడుపుతాం. తెల్లవారుజామున మూడున్నరకే లేవాలి. మా మందిరంలో మంగళవారం స్త్రీల కూటంలో ఒక్కొక్కరే లేచి ‘ఈ వారం ప్రభువు నాతో ఇలా మాట్లాడాడు’ అని సాక్ష్యం చెబుతారు. నాకు చెప్పడానికి ఏమీ ఉండదు. బైబిలు తెరిస్తే నిద్ర. మోకాళ్ల మీద ఉంటే చట్నీకి కొబ్బరి ఉందా లేదా అని ఆలోచన. బాప్తిస్మం తీసుకుని 15 ఏళ్లయింది. మొదట్లో ప్రార్థనలో ఏడుపొచ్చేది, తర్వాత మనసు తేలిగ్గా ఉండేది. ఇప్పుడు ఏమీ అనిపించదు. దేవునితో సన్నిహిత సహవాసం అంటే అసలేమిటి? నాలాంటి దానికి అది కుదురుతుందా? ఇంకొక మాట, అడగొచ్చో లేదో. మా తోడికోడలితో రెండేళ్లుగా మాటల్లేవు. ఇంటి స్థలం పంపకంలో వచ్చింది. తప్పు వాళ్లదే. దానికీ దీనికీ సంబంధం లేదులెండి.
– ఒక సోదరి (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం రెండు పేజీలు. దాదాపు అంతా నిద్ర గురించీ కొబ్బరి గురించీ. అట్టడుగున నాలుగు వాక్యాలు తోడికోడలి గురించి. 31 ఏళ్లు తెలుగు టీచరుగా పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని. పిల్లలు తమకు ఇబ్బందైన సంగతిని ఎప్పుడూ చివర్లో, అక్షరాలు చిన్నవి చేసి రాస్తారు. అక్కడినుంచే మొదలుపెడదామనుకున్నాను. కానీ నువ్వడిగింది ముందు చెప్పకపోతే, ఈవిడ తప్పించుకుందనుకుంటావు.

మా నాన్న బందరు దగ్గర సముద్రం మీద వేటకెళ్లేవాడు. నావ ఆయన ఒక్కడిదీ కాదు. నలుగురు పాలివాళ్లు. పడిన చేపలు అమ్మాక నావకో వాటా, వలకో వాటా, ఎక్కిన మనిషికో వాటా తీసేవాళ్లు. వల చిరిగితే ఆ ఖర్చూ నలుగురి మీదా పడేది. ఈ ‘పాలివారు’ అనే మాట నీ బైబిల్లోనే ఉంది, లూకా 5వ అధ్యాయం తీసి చూడు. రాత్రంతా ఏమీ పడక, పొద్దున్నే వల పిగిలేటన్ని చేపలు పడినప్పుడు, పేతురు వాళ్లు వేరే దోనెలో ఉన్న పాలివారికి సైగ చేస్తారు. 10వ వచనంలో యాకోబును, యోహానును ‘సీమోనుతో కూడ పాలివారైన’ అంటాడు లూకా. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాటా, అదే యోహాను ముసలితనంలో ‘మన సహవాసమైతే తండ్రితో కూడను ఆయన కుమారుడైన యేసుక్రీస్తుతో కూడను ఉన్నది’ అని రాసినప్పుడు వాడిన మాటా ఒకే కుదుటివి. యోహాను నావలో పెరిగిన మనిషి. ‘సహవాసం’ అన్నప్పుడు ఆయన మనసులో మైకూ, కీబోర్డూ, కళ్లు మూసుకుని ఊగడమూ ఉండి ఉంటాయని నేననుకోను. ఒక నావ, ఒక వల, ఒకటే నష్టం, ఒకటే లాభం ఉండి ఉంటాయి.

మా నాన్నా ఆయన పాలివాళ్లూ ఏడెనిమిది గంటలు ఒకే నావలో ఉండి పది మాటలు కూడా మాట్లాడుకునేవాళ్లు కాదట. మా అమ్మ ఎగతాళి చేసేది, ‘సముద్రం మీద కూడా మౌనవ్రతమేనా’ అని. అయినా వల ఎప్పుడు లాగాలో ఒకడు చెయ్యెత్తితే మిగతా ముగ్గురికీ తెలిసిపోయేది. ప్రభువు నీతో మాట్లాడలేదని నువ్వు బెంగపడుతున్నావు. నిన్న ఎవరో గిరాకీ రెండు వందల నోటిచ్చి చిల్లర మరిచిపోయి వెళ్లిపోతే వెనక పరిగెత్తి ఇచ్చొచ్చావనుకో. ఆ పరుగెత్తించినవాడెవడంటావు? మంగళవారం సాక్ష్యంలో చెప్పేంత పెద్ద విషయంగా నీకు అనిపించదు, అంతే.

ఆదికాండం 5వ అధ్యాయంలో హనోకు సంగతి చూడు. ‘హనోకు దేవునితో నడిచెను’ అని అందరికీ తెలుసు. దానికి రెండు వచనాల ముందున్నది ఎవరూ చదవరు. మెతూషెల పుట్టాక మూడు వందల ఏళ్లు దేవునితో నడుస్తూ ‘కుమారులను కుమార్తెలను కనెను’ అని ఉంది. అంటే మూడు వందల ఏళ్లూ ఇంట్లో చంటిపిల్లలే! ఆదికాండంలో హనోకు నోటినుంచి వచ్చిన మాట ఒక్కటి కూడా రాసిలేదు. నడిచాడు, అంతవరకే ఉంది.

ఇక వంటగది. పారిస్‌లో కార్మెలైట్లనే క్రైస్తవ సన్యాసుల మఠంలో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన ఉండేవాడు. 1691లో చనిపోయాడు. మఠంలో చేరకముందు సైనికుడు, యుద్ధంలో గాయపడి కుంటుతూ నడిచేవాడు. మఠంలో వంటపని ఇచ్చారు. ఆయనకు స్వతహాగా వంటంటే ఇష్టం లేదు. పదిహేనేళ్లు చేశాడు. తర్వాత చెప్పులు బాగుచేసే పనిలో వేశారు. పాత్రలు గలగలలాడుతూ నలుగురు నాలుగు వైపుల నుంచి కేకలేస్తున్నప్పుడు కూడా, మందిరంలో మోకాళ్ల మీద ఉన్నంత నెమ్మదిగా దేవుని దగ్గర ఉంటానని ఆయన చెప్పింది చాలామంది బోధకులు ప్రసంగాల్లో ఎత్తుతారు. వాళ్లు వదిలేసేది ఒకటుంది. మొదటి పదేళ్లు చాలా బాధపడ్డానని కూడా ఆయనే రాసుకున్నాడు. ఆ ముక్క నీలాంటివాళ్లకు చెప్పకుండా మొదటిదే చెబితే టెన్షన్ కాక ఏమొస్తుంది?

మీ వైపు సంగతే తీసుకో. 1836లో ఇంగ్లండు బార్న్‌స్టేపుల్ నుంచి బయలుదేరి గోదావరి డెల్టాకు సువార్త తెచ్చినవాళ్లు జార్జి బీర్, విలియం బౌడెన్. ఒకాయన చెప్పులు కుట్టేవాడు, ఇంకొకాయన రాతిపనివాడు. నీ చేతికి పిండి అంటిందని సిగ్గుపడకు. మూడున్నరకు లేచేదానివి, మళ్లీ రెండున్నరకు లేచి గంట ప్రార్థన చేయమని నీకు చెప్పేవాళ్లుంటే వాళ్లను ఒక వారం నీ రుబ్బు దగ్గర కూర్చోబెట్టు. మధ్యాహ్నం టిఫిన్లు అయిపోయి అంట్లు తోమాక పావుగంట దొరుకుతుందా? దొరికితే కీర్తన ఒకటి, పెద్దగా చదువు. నిద్రొస్తే నిలబడి చదువు. కొబ్బరి గుర్తొస్తే ‘ప్రభువా, కొబ్బరి అయిపోయింది’ అని ఆయనకే చెప్పి ముందుకెళ్లు.

మొదట్లో వచ్చిన ఏడుపు ఇప్పుడు రావడం లేదంటావా? మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మా తమ్ముడి కొడుకు ఆ రోజుల్లో రోజూ రేవుకే పోతాడు. పాలివాళ్లంతా బోటు నీడలో కూర్చుని వల కుట్టుకుంటారు, రంగులేసుకుంటారు. ఒక్క చేప రాదు. అంతమాత్రాన భాగస్వామ్యం రద్దయిపోలేదు కదా. ఆసాపు 73వ కీర్తనలో, నీ సన్నిధిలో నేను పశువులా ఉన్నానని ఒప్పుకుని, వెంటనే ‘అయినను నేను ఎల్లప్పుడు నీయొద్దనున్నాను’ అన్నాడు. పశువుకు ఏం అనుభూతి ఉంటుంది? ఆ కీర్తన చివర్లోనే ‘నాకైతే దేవుని పొందు ధన్యకరము’ అని ఉంది. పొందు! ఎంత మంచి తెలుగు మాటో.

సరే, ఇప్పుడు నీ చివరి నాలుగు వాక్యాలు.

నా సంగతి చెబుతాను. 1988లో నేనొక చీటీకి హామీ ఉన్నాను. పాట పాడుకున్నావిడ ఊరు వదిలి వెళ్లిపోయింది. బాకీ నా మీద పడింది, నాలుగు నెలల జీతమంత. మా ఆయన సంఘ కాపరి. వద్దని ముందే చెప్పారు, నేను వినలేదు. అందుకని చెప్పలేదు. ఎనిమిది నెలలు స్కూల్లో ఎవరెవరి దగ్గరో చేబదుళ్లు తెచ్చి కట్టాను. ఆ ఎనిమిది నెలలూ ఆయనకు కూడు వండాను, బట్టలు ఉతికాను, ఆదివారం ఆయన వాక్యం చెబుతుంటే ముందు వరుసలో కూర్చున్నాను. నేను ఆయన భార్యను కాకుండా పోలేదు. కానీ ఆయన ‘ఏమే’ అని పిలిస్తే గుండె ఝల్లుమనేది, పక్కన కూర్చుంటే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. ప్రార్థనకూ అదే గతి. ‘తండ్రీ’ అనగానే నోరు ఎండిపోయేది. ఉపవాసాలు ఉన్నాను కూడా, నవ్వకు. చీటీ సంగతి తప్ప మిగతా పాపాలన్నీ ఒప్పుకున్నాను.

చివరికి ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు చెప్పాను. చీకట్లో అయితే ముఖం చూడక్కర్లేదని. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘ఇంకా ఎంతుంది?’ అన్నారు. అంతే. తెల్లారి నా చేబదుళ్ల కాగితం తీసుకుని, కింద తన పేరు కూడా రాసుకున్నారు. ఆ రోజు నాకు ‘వెలుగులో నడిచినయెడల’ అనే మాట అర్థమైంది. 1 యోహాను 1:7 మళ్లీ చదువు. వెలుగులో నడిస్తే తప్పులుండవని అక్కడ లేదు. వెలుగులో నడిస్తే ‘అన్యోన్యసహవాసము’ ఉంటుందని, రక్తం పవిత్రులను చేస్తుందని ఉంది. కడగాల్సింది ఉంది కాబట్టే కదా రక్తం మాట వచ్చింది.

అన్యోన్యసహవాసం అంటే ఒకరితో ఒకరికి. నేనైతే ‘వెలుగులో నడిస్తే దేవునితో సహవాసం’ అని రాసేదాన్ని. యోహాను అలా రాయలేదు. తండ్రితో సహవాసం గురించి చెబుతూ చెబుతూ, ఇక్కడికొచ్చేసరికి పక్కమనిషిని లోపలికి తెచ్చాడు. నీ ప్రశ్నలో నువ్వూ అదే చేశావు. సంబంధం లేదంటూనే రాశావు.

మీది వారం వారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచే మందిరమై, ఆవిడా అక్కడికే వస్తుంటే, ప్రతి ఆదివారం నువ్వూ ఆవిడా ఒకే రొట్టె తింటున్నారు. ఆ రొట్టె తినడాన్ని పౌలు ‘క్రీస్తు శరీరములో పాలుపుచ్చుకొనుట’ అన్నాడు. అక్కడా అదే గ్రీకు మాట, పాలివారి కుదుటిదే. మన భాషలో పాలివాడంటే ఇంకో అర్థం కూడా ఉంది, దాయాది. ఆస్తిలో వాటాకి వచ్చేవాడు. మీ ఇద్దరి మధ్య గొడవ సరిగ్గా దాని గురించే.

స్థలం వదిలేసుకోమని నేను చెప్పడం లేదు. నీ పిల్లల వాటా నీ పిల్లలది. కొలతలు సర్వేయరు తేలుస్తాడు, కాగితాలు పెద్దమనుషులు చూస్తారు. తప్పు వాళ్లదే కావచ్చు, నేనా ఇంటి గోడ చూడలేదు. కానీ రెండేళ్ల మౌనంలో సగం నీది. ఒకరోజు వెళ్లి, ‘అక్కా, ఈ రెండేళ్లు నేనూ మాట్లాడలేదు’ అను. ఆ ‘నేనూ’ ముఖ్యం. ‘నువ్వు మాట్లాడలేదు కాబట్టి’ అని మొదలుపెట్టావో, గుమ్మం దగ్గరే రెండో రౌండు మొదలవుతుంది. స్థలం ఊసు ఆ రోజు ఎత్తకు. ఆవిడ తలుపేస్తే తిరిగి వచ్చెయ్. పౌలు ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు’ అని రాసి నీ భారం తగ్గించాడు. ఆవిడ చేతనైనంత నీ లెక్కలోకి రాదు.

వెళ్లాక ఏం జరిగిందో రాయి. వెళ్లలేకపోయినా రాయి.

ప్రశ్న: నేను కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేస్తున్నాను. శుక్రవారం కూడా సెలవు దొరకదు. కారులో ఫోన్‌లో ఆరాధన చూస్తాను. ఇది లెక్కలోకి వస్తుందా?
– ఒక సోదరుడు

జవాబు: వస్తుంది బాబూ. బబులోనులో దానియేలు ఉన్న చోట దేవాలయం లేదు. యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉంచుకున్నాడు. నీ కిటికీ ఆ ఫోను. అయితే ఒక పని చెయ్యి. నీలాగే డ్యూటీలో ఇరుక్కున్న తెలుగువాడు ఇంకొకడు అక్కడ దొరక్కపోడు. పిల్లల్ని స్కూల్లో దింపి ఎదురుచూసే ఆ అరగంటలో ఇద్దరూ ఒక కారులో కూర్చుని ఒక వచనం చదువుకోండి. ఫోనులో పాట ఎంత బాగా వినిపించినా, నీకు జ్వరమొచ్చిందని దానికి తెలియదు.

ఇదే ప్రశ్న రాజమండ్రి నుంచి ఇంకొకాయన కూడా పంపారు. వారి ఇంటికి మందిరం రెండు వీధుల దూరమట. ఆయనకు ఈ జవాబు వర్తించదు.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. హైదరాబాదు హెబ్రోను మందిరంలో సువార్తికులు భక్త సింగ్ గారు గంటలకొద్దీ మోకాళ్ల మీద ఉండటం చూసి పెరిగినవాణ్ణి. నాకు రెండు మోకాళ్లూ మార్చారు. కుర్చీలో కూర్చుని ప్రార్థిస్తుంటే తప్పు చేసినట్టు ఉంటుంది.

జవాబు: అన్నయ్యగారూ, 2 సమూయేలు 7:18 చూడండి. దావీదు రాజు లోపలికి వెళ్లి యెహోవా సన్నిధిని ‘కూర్చుండి’ ప్రార్థించాడు. అంతకన్నా చక్కటి ప్రార్థనలు ఆ పుస్తకంలో ఎన్నో లేవు. నాకూ ఎడమ మోకాలు సహకరించదు, నేనూ కుర్చీలోనే. డాక్టరు మడవొద్దన్నది మడవకండి. కుర్చీని మాత్రం టీవీకి వీపు పెట్టి వేసుకోండి.