అట్ట మీద బొమ్మ ఎవరిది?

విజయనగరం

చి. అమ్మలూ,

ఆశీస్సులు. మీ మహిళా సంఘం వార్షిక సంచిక అట్ట మీద పొందూరులో నూలు వడికే ఆడవాళ్ల ఫొటో వేస్తామని చెప్పావు. సంతోషం. కాస్త టెన్షన్ కూడా ఉంది. ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే నేనొకసారి తప్పు చేశాను.

73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో ఆడవాళ్లకు సీట్లు వచ్చిన కొత్తలో, మా చిన్న పత్రిక అట్ట మీద ఒక మహిళా సర్పంచిని వేశాం. ఆమె కుర్చీలో తల వంచుకుని కూర్చుంది. పక్కన భర్త, కుర్చీ మీద చెయ్యి వేసి, నిటారుగా కెమెరాకేసి చూస్తూ నిలబడ్డాడు. ఫొటో బాగుందని నేనే ఒప్పుకున్నాను. సంచిక చేతికిస్తే ఆమె చాలాసేపు చూసి, "కుర్చీ నాదేనమ్మా, బొమ్మ మాత్రం ఆయనది" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటి నుంచి ఏ అట్ట చూసినా ఎవరు నిలబడ్డారు, ఎవరి చూపు ఎటుంది, ఎవరి చేతులు ఏం చేస్తున్నాయి అని చూడటం అలవాటైంది. ముఖం ఎంత, ఒళ్లు ఎంత అన్నదీ చూడాలి. 1983లో డేన్ ఆర్చర్, తోటి పరిశోధకులు పత్రికల్లోని ఫొటోలు కొలిచి చూశారు. మగవాళ్ల ఫొటోల్లో ముఖానికి, ఆడవాళ్ల ఫొటోల్లో ఒంటికి ఎక్కువ చోటు దక్కుతోందని తేలింది. ముఖం పెద్దగా కనిపిస్తే చూసేవాళ్లు ఆ మనిషిని ఎక్కువ తెలివైనవాళ్లుగా అనుకున్నారు కూడా.

అందుకని ఫొటోగ్రాఫర్‌ని నిలబడి తీయనివ్వకు. నూలు వడికే ఆమె నేల మీద కూర్చుని పని చేస్తుంటే అతనూ నేల మీదే కూర్చోవాలి. కెమెరా ఆమె కళ్ల ఎత్తుకు రావాలి. కొత్త చీర కట్టించకండి, నవ్వమనకండి. వాలుగ చేప దవడతో పత్తిని ఏకేటప్పుడు ఆ వేళ్ల నేర్పు, ముఖంలోని ధ్యాస రెండూ కలిపి తీయాలి. చేతులు మాత్రమే తీసి ముఖం వదిలేసే ఫొటోలు నాకు నచ్చవు. ఏ అధికారి ఫొటో అయినా తల లేకుండా వేస్తామా?

మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమెను అట్ట మీద వేయాల్సి వస్తే, పతకం పట్టుకుని నవ్వే ఫొటో కాదు, బరువు తల మీదున్నప్పటి బిగిసిన ముఖమే వేస్తాను.

అక్షరాల దగ్గరా జాగ్రత్త. టైమ్ పత్రిక 1927 నుంచి ఇచ్చుకుంటూ వచ్చిన 'మ్యాన్ ఆఫ్ ద ఇయర్' అన్న పేరు 'పర్సన్'గా మారింది 1999లోనే. మీరు 'ఇంటి దీపాలు' లాంటి మాటలు పెట్టకండి. ఆమె పేరు, ఎన్నేళ్లుగా వడుకుతోందో వేస్తే చాలు.

ఇంకొకటి, ఫొటో ఎంపిక. వోగ్ పత్రిక 2021 ఫిబ్రవరి అచ్చు సంచిక మీద కమలా హారిస్ మామూలు కాన్వాస్ బూట్లతో కనిపిస్తే, అమెరికా ఉపాధ్యక్ష పదవికి తగ్గట్టు లేదని చాలామంది బాధపడ్డారు. లేత నీలం సూటులో చేతులు కట్టుకున్న ఫొటోని ఆన్‌లైన్‌కి వాడారు, తర్వాత దాన్నీ కొద్ది కాపీలు అచ్చేశారు. మనిషి ఒకరే. ఏ ఫొటో వెయ్యాలో తేల్చింది పత్రికవాళ్లు.

మీరు ఆ ఎంపిక నూలు వడికే ఆమెకే ఇవ్వండి. ప్రూఫ్‌ని ఫోన్లో చూపించొద్దు, అట్ట సైజు కాగితం మీద తీసి పొందూరు తీసుకెళ్లు. వద్దంటే మళ్లీ తీయండి, సంచిక వారం ఆలస్యమైనా పరవాలేదు. అచ్చయ్యాక మొదటి కాపీ ఆమెకివ్వు, రెండోది నాకు.

నీ మేనత్త