పాత డొనాల్డ్ డక్ అట్టలు: గీత ఎవరిది, రంగు ఎవరిది?

ప్రశ్న: 1940ల నాటి డొనాల్డ్ డక్ కామిక్ పుస్తకం ఒకటి అమ్మకానికి వచ్చింది. అట్టబొమ్మ కార్ల్ బార్క్స్ స్వయంగా గీశాడని, రంగులు కూడా ఆయనే వేశాడని చెప్పి అమ్మేవాడు రేటు బాగా పెంచాడు. అట్ట మీద చూస్తే మనుషుల పేర్లలో వాల్ట్ డిస్నీ పేరు ఒక్కటే ఉంది. అసలు ఈ అట్టబొమ్మలు ఎవరు గీసేవారు? రంగులు ఎవరు వేసేవారు?

జవాబు:

గీసింది బార్క్స్ అయితే అయ్యుండొచ్చు. రంగులు వేసింది మాత్రం ఆయన కాదు. వాల్ట్ డిస్నీకి ఆ రెండు పనుల్లోనూ చెయ్యి లేదు.

నేను విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో కెమెరా సెక్షన్లో చాలా ఏళ్లు పనిచేశాను. కంప్యూటర్లు రాకముందు సంగతి. క్యాలెండర్లు, గైడ్ల అట్టలు, సినిమా పోస్టర్లు అన్నీ మా చేతుల మీదుగా నాలుగు ఫిల్ములుగా విడిపోయి ప్లేట్ల మీదికి వెళ్లేవి. ఇప్పుడు మా అబ్బాయి కుటుంబం ఒహాయోలో కొలంబస్‌లో ఉంటోంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా పాత సామాన్ల సంతల్లో, డొనాల్డ్ డక్ పుస్తకాలు వేసిన డెల్ కంపెనీ కామిక్స్ ఏరుకోవడం నాకు అలవాటైంది. అట్టలు చిరిగినవి, వెనక పేజీ లేనివి అయితే చవగ్గా ఇస్తారు. భూతద్దం పెట్టి చూసుకోవడానికి నాకు అవే చాలు. కాబట్టి ఈ జవాబు సగం పుస్తకాల్లో చదివింది, సగం ప్రెస్ కళ్లతో చూసింది.

ముందు కంపెనీల సంగతి. అట్ట మీద డెల్ అని ఉంటుంది కానీ, డెల్ చేసింది ప్రచురణ, అమ్మకం. లోపలి సరుకంతా తయారుచేసింది వెస్టర్న్ ప్రింటింగ్ అండ్ లితోగ్రాఫింగ్ అనే సంస్థ. దాని ప్రధాన కార్యాలయం విస్కాన్సిన్ రాష్ట్రం రసీన్‌లో. ఈ కామిక్స్ అచ్చు వేసిన పెద్ద ప్రెస్ న్యూయార్క్ రాష్ట్రం పొకీప్సీలో. డిస్నీ బొమ్మలు వాడుకునే లైసెన్సు, ఆర్టిస్టులతో బేరం, ఎడిటింగ్ అన్నీ వెస్టర్న్ చూసుకునేది. ఆర్టిస్టుకి పేజీకి ఇంత అని డబ్బు. ఆ తర్వాత ఆ బొమ్మ మీద ఆయనకి హక్కూ లేదు, పుస్తకంలో పేరూ లేదు. 1940లో మొదలైన ‘వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్’ అనే మాసపత్రిక 1950ల మొదట్లో 30 లక్షల కాపీలు దాటింది. అన్ని లక్షల ఇళ్లలోకి వెళ్లిన బొమ్మలు ఎవరివో కొన్న పిల్లలకి తెలియదు, వాళ్ల అమ్మానాన్నలకీ తెలియదు.

బార్క్స్ 1935 నుంచి 1942 దాకా డిస్నీ స్టూడియోలో పనిచేసి, బయటికొచ్చి, దక్షిణ కాలిఫోర్నియాలో ఇంట్లో కూర్చుని వెస్టర్న్‌కి కథలు రాసి, బొమ్మలు గీసి పంపేవాడు. 1943 నుంచి ఆ మాసపత్రికలో పది పేజీల డొనాల్డ్ కథ ఆయనదే. 1947 చివర్లో వచ్చిన కథలో అంకుల్ స్క్రూజ్‌ని పుట్టించిందీ ఆయనే. పాఠకులు ఆయన్ని ‘మంచి బాతుల ఆర్టిస్టు’ అని పిలుచుకునేవారు. పేరు తెలియకపోతే ఇంకేమని పిలుస్తారు మరి. 1960లో జాన్ స్పైసర్ అనే కుర్రాడు ఎలాగో ఆచూకీ పట్టుకుని ఉత్తరం రాశాడు. అప్పటికి బార్క్స్ పద్దెనిమిదేళ్లుగా ఆ పనే చేస్తున్నాడు!

మీ ప్రశ్నకి అసలైన మెలిక ఇక్కడుంది. లోపలి కథ బార్క్స్‌ది అయినంత మాత్రాన అట్ట కూడా ఆయనదే అనుకోకూడదు. 1940ల మధ్యలో ఆ మాసపత్రిక అట్టలు చాలావరకు వాల్ట్ కెల్లీ గీసినవి. ఈయనా డిస్నీ స్టూడియోలో పనిచేసినవాడే. 1941లో అది వదిలి తూర్పు తీరానికి వెళ్లిపోయి వెస్టర్న్‌కి గీశాడు. తర్వాత పోగో అనే పాసం (అమెరికాలో ఉండే ఒక చిన్న జంతువు) బొమ్మల వార్తాపత్రిక స్ట్రిప్‌తో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. అంటే ఒకే సంచికలో అట్ట కెల్లీది, లోపల కథ బార్క్స్‌ది, రెండింటి మీదా పేరు డిస్నీది. అమ్మేవాళ్లు ‘బార్క్స్ సంచిక’ అని నిజమే చెప్తారు. కొనేవాడు దాన్ని ‘బార్క్స్ అట్ట’ అని వింటాడు.

కొన్నాళ్లు చూస్తే ఇద్దరి గీతా గుర్తుపట్టొచ్చు. కెల్లీది బ్రష్ గీత. సన్నగా మొదలై, వంపు దగ్గర లావెక్కి, మళ్లీ సన్నబడుతుంది. బొమ్మలు బొద్దుగా, పసిపిల్లల ఒళ్లులా గుండ్రంగా ఉంటాయి. బార్క్స్‌ది పెన్ను పాళీ గీత. కంటి రెప్ప, ముక్కు చివర ఎంత వంగాలో అంతే వంగుతాయి, డొనాల్డ్ కోపం మెడ దాకా కనిపిస్తుంది. వెనక సీనరీ కూడా కథలో భాగంలా ఉంటుంది. నన్నడిగితే అట్టబొమ్మ వరకు కెల్లీయే గొప్ప. దూరం నుంచి చూసినా నవ్వొస్తుంది. బార్క్స్ గొప్పతనం లోపలి పేజీల్లో ఉంది. ఈ మాట అన్నందుకు బార్క్స్ అభిమానులు నాతో గొడవ పడతారని తెలుసు.

వీళ్లిద్దరే కాదు. వెస్టర్న్ ఆర్ట్ డైరెక్టర్ కార్ల్ బ్యూట్నర్ స్వయంగా గీసేవాడు. మన పిల్లలకి టీవీలో తెలిసిన టామ్ అండ్ జెర్రీకి కామిక్స్‌లో ప్రాణం పోసింది హార్వీ ఐసెన్‌బర్గ్. ఆయన అంతకుముందు ఎంజీఎం స్టూడియోలో టామ్ అండ్ జెర్రీ సృష్టికర్తలు హన్నా, బార్బెరాల దగ్గర పనిచేశాడు. మిక్కీ కథలకి పాల్ మరీ. వేరే కంపెనీల జంతువుల కామిక్స్ అయితే ఇంకా చిక్కు. కార్టూన్ స్టూడియోల్లో పగలు ఉద్యోగం చేసే యానిమేటర్లు రాత్రిళ్లు ఇంటి దగ్గర పేజీలు గీసి అమ్ముకునేవారు. సంతకం పెడితే పగటి ఉద్యోగానికే ఇబ్బంది కదా.

ఇక రంగులు. ఇది మా లైను కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

బార్క్స్ పంపేది తెల్ల కాగితం మీద నల్ల ఇంకు బొమ్మ. 1950లలో ఆయన భార్య (ఆవిడ పేరు ‘గారే’) అక్షరాలు రాయడంలో, నల్లగా నింపాల్సిన చోట్లు నింపడంలో సాయం చేసేది. రంగు అనేది ఆ కాగితం మీద ఉండదు. దాన్ని ఫొటో తీసి, ప్రింటు మీద ఎవరో ఒక గైడ్‌లా రంగులు వేస్తారు. ఆ గైడ్ చూసి మరొకరు పసుపుకి, ఎరుపుకి, నీలానికి వేర్వేరుగా సెపరేషన్లు చేస్తారు. అప్పటి కామిక్స్ లోపలి పేజీల్లో ఒక్కో రంగుకీ సాధారణంగా మూడే మోతాదులు: 25 శాతం, 50 శాతం, పూర్తి రంగు. అసలు లేకపోవడం నాలుగోది. నాలుగుని మూడుసార్లు హెచ్చిస్తే 64. పాత కామిక్స్‌కి ఆ ప్రత్యేకమైన రంగుల వాటం వచ్చింది ఈ లెక్క నుంచే. న్యూయార్క్ కంపెనీల్లో గైడ్ మీద రంగు పక్కన వై2, ఆర్2 లాంటి కోడ్ కూడా రాసేవారు. కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో కెమికల్ కలర్ ప్లేట్ అనే సంస్థ చాలా కంపెనీలకి ఈ సెపరేషన్లు చేసిపెట్టేది. అక్కడ కూర్చుని చేత్తో ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వెస్టర్న్ అయితే రంగు పని తన ప్రొడక్షన్ విభాగంలోనే చేయించుకునేది. ఎక్కడ చేసినా, చేసినవాళ్ల పేరు పుస్తకంలో వేయలేదు.

నాకైతే ఇందులో వింతేమీ కనిపించలేదు. మా ప్రెస్‌లో నెగెటివ్ మీద పిన్నుపోటంత చుక్కల్ని ఓపేక్ చేస్తూ (ఇంకుతో మూస్తూ) కళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. క్యాలెండర్ మీద ఆర్టిస్టు సంతకం ఉండేది, కింద ప్రెస్ పేరు ఉండేది, వీళ్లెక్కడా లేరు. అయితే ఒక తేడా గమనించండి. మన చందమామకి వడ్డాది పాపయ్య గారు వేసిన అట్టలు పూర్తి రంగుల పెయింటింగులు. కెమెరా ముందు పెట్టి ఫిల్టర్లతో రంగులు విడదీస్తే చాలు, అచ్చయిన ఆకుపచ్చ వపా ఆకుపచ్చే (ప్రెస్‌వాడు పాడుచేయకపోతే). గీతబొమ్మకి అలా కాదు. అక్కడ డొనాల్డ్ వెనక గోడ పసుపో గులాబీయో నిర్ణయించేది గీసినవాడు కాదు. డెల్ వాళ్లకీ పెయింటింగ్ అట్టలుండేవి కానీ అవి ఎక్కువగా కౌబాయ్, టార్జాన్ పుస్తకాలకి. బాతులకి, ఎలుకలకి గీతబొమ్మే.

కొలంబస్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల బిల్లీ ఐర్లాండ్ కార్టూన్ లైబ్రరీ ఉంది. అక్కడ కెల్లీ పోగో స్ట్రిప్ అసలు కాగితం చూసి ఆగిపోయాను. నల్ల ఇంకు కింద లేత నీలం పెన్సిల్ గీతలు చెరపకుండా అలాగే ఉన్నాయి. మా అబ్బాయి ‘తుడవడం మర్చిపోయాడేమో నాన్నా’ అన్నాడు. మర్చిపోవడమేమీ లేదు. అచ్చుకోసం బొమ్మని ఫొటో తీసే ప్రాసెస్ కెమెరాకి లేత నీలం పడదు, దానికి అది తెల్ల కాగితమే. మేమూ పేస్టప్ గీతలు (బొమ్మలు, అక్షరాలు అతికించడానికి కొట్టే గుర్తులు) నీలంతోనే కొట్టేవాళ్లం. అచ్చులో పోతుందని తెలిసినవాడు రబ్బరుతో టైము పాడుచేసుకోడు. బార్క్స్ డెల్ అట్టలకి ఇలాంటి అసలు కాగితాలు చూద్దామంటే దొరకడమే కష్టం. అచ్చయ్యాక వెస్టర్న్ వాటిలో చాలావరకు నాశనం చేసేసింది. అందుకే ఎవరు గీశారనేది తేల్చడానికి బార్క్స్ సొంతంగా రాసిపెట్టుకున్న పని లెక్కలు, గీత పోలిక, ఎడిటర్ల జ్ఞాపకాలే ఆధారమయ్యాయి. మైకేల్ బ్యారియర్ లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి కూర్చుని ఈ జాబితాలు కట్టారు. ఇండక్స్ (INDUCKS) అనే డిస్నీ కామిక్స్ ఉచిత డేటాబేస్‌లో సంచిక నంబరు కొడితే అట్ట ఎవరిదో, ఒక్కో కథ ఎవరిదో విడివిడిగా వస్తుంది.

బార్క్స్ స్వయంగా రంగులు వేసిన బాతులూ ఉన్నాయి, కానీ అవి కామిక్ పుస్తకాలు కావు. 1966లో రిటైరయ్యాక, 1971లో డిస్నీ అనుమతి తీసుకుని తన పాత అట్టబొమ్మల్ని ఆయిల్ పెయింటింగులుగా వేసి అమ్మాడు. మీ అమ్మేవాడు ఎక్కడో ఇది విని, దాన్ని తన పుస్తకానికి అంటించి ఉంటాడు. ఇంకో గందరగోళం కొత్త ముద్రణలతో వస్తుంది. ఫాంటాగ్రాఫిక్స్ సంస్థ 2011 నుంచి తెస్తున్న బార్క్స్ సంపుటాలకి రంగులు కొత్తగా వేశారు. వేసిన రిచ్ టొమాసో పేరు పుస్తకంలోనే ఉంది. ఆ రంగులు చూసి 1940ల అట్టని పోల్చకండి.

కాబట్టి అమ్మేవాడితో రంగుల మాట అసలు ఎత్తొద్దు, దానికి అదనంగా రూపాయి కూడా ఇవ్వొద్దు. లోపల మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో సాధారణంగా సంచిక నంబరు, సంవత్సరం లాంటి వివరాలు ఉంటాయి. దాని ఫొటో పంపమనండి. ఆ నంబరుతో ఇండక్స్‌లో అట్ట దగ్గర ఏ పేరుందో చూడండి. కెల్లీ అని ఉంటే బార్క్స్ అట్ట ధర ఇవ్వకండి, కెల్లీ అట్టగా నచ్చితే కొనుక్కోండి. పుస్తకం చేతికొచ్చాక అట్టని భూతద్దం కింద పెట్టండి. లేత రంగుల్లో చుక్కలు కనిపిస్తే అది అచ్చు రంగు. చుక్కల్లేకుండా రంగు కాగితంలోకి ఇంకి, గీత దాటి పోయి ఉంటే, అప్పట్లో ఏ పిల్లాడో క్రేయాన్‌తోనో వాటర్ కలర్‌తోనో చేసిన పని. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి, వాటికి రేటు సగం కూడా పలకదు.